మోగలేదన్నాను

లెక్క రాసుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. పాలమనిషికి ఇచ్చిన అణా కూడా మరిచిపోను. ఒక్క మాటను మాత్రం ఏ లెక్కలోకీ ఎక్కించకుండా యాభై ఏడేళ్లు మోశాను. ఇప్పుడు నాకు ఎనభై ఒకటి. మావారు లేరు. అన్నయ్యా లేడు. నన్ను నిలదీసేవాళ్లెవరూ మిగలని రోజు చూసుకుని మీకు చెబుతున్నాను. పిరికితనమే అనుకోండి, కాదనను.

మావారిది అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం. 1943లో కాపురానికి వచ్చేనాటికి నాకు పదహారేళ్లు. ఇల్లంతా కొబ్బరి వాసన. నెత్తిమీద అటక నిండా కురిడీకి పోసిన కాయలు. ముదురు కాయల్ని పీచు తీయకుండా ఏడాది అలా వదిలేస్తే నీరు ఇంకిపోయి, లోపలి కొబ్బరి చిప్పను వదిలేస్తుంది. అప్పుడు కాయ ఊపితే గలగల మోగుతుంది. మోగితే కురిడీ అయినట్టే. ఆ వినికిడి ఆయనే నేర్పారు. నన్ను కళ్లు మూసుకోమని చెవి పక్కన ఊపేవారు.

"నీరా, కొబ్బరా?"

"నీరండి."

"మరిదీ?"

"అది కాయ కాదండి, మీ తాళాలగుత్తి."

ఎంత నవ్వారో! "ఆయ్, నా చెవి కన్నా నీదే నయం," అన్నారు. ఆనాటి నుంచి ఏ రాశి దింపాలన్నా చివరి మాట నాదే. ఆ ఏడేళ్లూ తలుచుకుంటే ఇప్పటికీ ఆ అటక కిందే పడుకున్నట్టుంటుంది. కాయలు సర్దుకున్నప్పుడల్లా పైన ఎవరో మెల్లగా నడిచినట్టు చప్పుడయ్యేది. ఇద్దరు పిల్లలూ ఆ చప్పుడుకే నిద్రపోయేవారు.

1950 వానల్లో, ఎండుకొబ్బరి వేసుకెళ్తున్న మా పడవ కాలవలో మునిగింది. సరుకంతా బూజు పట్టింది. ఎనిమిది మందికి మొత్తం రెండు వేల నాలుగు వందలు బాకీ పడ్డాం. అందులో మూడు వందలు మరియమ్మ టీచరు గారివి. కూతుర్ని నర్సు చదువుకు పంపాలని తొమ్మిదేళ్లు కూడబెట్టి, ఆయన మాట మీద నమ్మకంతో మా దగ్గర దాచుకున్నారు.

ప్లీడరు గారు ఐపీ పెట్టమన్నారు. కోర్టులో దివాలా దరఖాస్తు పెట్టుకోవడాన్ని మావైపు అలాగే అంటారు. అప్పట్లో అదొక తిట్టు కూడా. ఆయనకు ఇష్టం లేదు. మా అటక చాలక, మామిడికుదురులో మా పుట్టింటి అటక మీద నాలుగు వేల కాయలు పోయించి ఉన్నాం. అవి కురిడీ అయి ఉంటే ఎనిమిది వందలు వస్తాయి. మూడోవంతు అందరి చేతుల్లోనూ పెట్టి మిగతాదానికి గడువు అడుగుదామని ఆయన ఆశ. వానలకు ఆ కప్పు కారి కాయలు కుళ్లి ఉంటే మాత్రం దరఖాస్తు మీద సంతకం పెట్టేస్తానన్నారు.

"ఈ మొహం పెట్టుకుని అత్తారింటికి రాలేను. నువ్వెళ్లి విని రా," అన్నారు.

వెళ్లాను. 1951 ఫిబ్రవరి. మిట్టమధ్యాహ్నం అటకెక్కాను. మొదటి కాయ మోగింది. రెండోదీ మోగింది. నాలుగు మూలల నుంచీ, అడుగు నుంచీ తీసి ఊపాను. అన్నీ మోగాయి. అక్కడే, ఆ కాయల మీదే కూర్చుని లెక్క వేశాను. ఇవి అమ్మి ఇచ్చేసినా పదహారు వందల అప్పు, దాని వడ్డీ మెడకు ఉంటాయి. ఇంట్లో గింజలు పది రోజులకు లేవు. ఐపీ పెడితే అప్పు పోతుంది, కాయలు మిగులుతాయి. భయమా అది? ఆశా? పిల్లల కోసమని ఇన్నేళ్లూ చెప్పుకున్నాను. పిల్లల కోసమే అయితే ఆయనతో చెప్పి చేయవచ్చు కదా? చెబితే ఒప్పుకోరని తెలుసు. కూడికలో తప్పు లేదు. కలపవలసిన మనుషుల్ని కలపలేదు, అంతే.

ఇంటికొచ్చేసరికి ఆయన అరుగు మీద నిలబడే ఉన్నారు.

"మోగేయా?"

"మోగలేదండి. కుళ్లిపోయేయి."

"అడుగువి చూసేవా?"

"చూసేనండి. ఒక్కటీ మోగలేదు."

ఆయన మళ్లీ అడగలేదు. వెళ్లి ఊపి చూడనూ లేదు. నా చెవిని అనుమానించడం ఆయనకు తెలియదు. మర్నాడు అమలాపురం వెళ్లి సంతకం పెట్టారు. ఆస్తుల్లో ఆ కాయలు రాయలేదు. కుళ్లినవాటిని ఎవరు రాస్తారు?

ఉన్నవి అమ్మితే అప్పులవాళ్లకు రూపాయికి రెండణాలు వచ్చింది. మరియమ్మ గారి మూడు వందలకు ముప్ఫై ఏడు రూపాయల ఎనిమిదణాలు. కూతురు చదువుకు వెళ్లలేదు. ఓసారి రేవు దగ్గర ఎదురుపడితే ఆవిడే నన్ను ఓదార్చారు. "మీరు మాత్రం ఏం చేస్తారండీ, పడవ మునిగితే?" అన్నారు. తరువాత నా చేతిలో మూడు వందలు ఎన్నోసార్లు ఆడాయి. ఇస్తే ఎందుకో చెప్పాలి. 1958లో ఆవిడ పోయారు.

కాయలు నేను చెప్పగా అన్నయ్య గుట్టుగా అమ్మాడు. ఏడు వందల ఎనభై వచ్చింది. నెలకు ముప్ఫై చొప్పున ధాన్యం, పప్పు, నూనె కొని పడవ మీద పంపేవాడు. ఇరవై ఆరు నెలలు. అది అన్నయ్య సాయమని ఆయనతో చెప్పాను. తన కాయల తిండే తింటూ, ఆ మనిషి బతికినన్నాళ్లూ మా అన్నయ్యను చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "కూర్చోండి బావగారూ," అనేవాడే గాని, అన్నయ్యా నోరు విప్పలేదు. కొబ్బరి కొట్ల దగ్గర మాత్రం, "ఆయ్, ఐపీ గారొస్తన్నారు, లెగండ్రా, కుర్చీ ఎయ్యండి!" అని నవ్వేవారు. అందుకే ఆయన ఆ వీధి మానేసి కాలవ గట్టున చుట్టూ తిరిగి వచ్చేవారు. ఎందుకాలస్యమైందని నేను ఎప్పుడూ అడగలేదు.

1979లో పోయారు. అంతకు నెల ముందు ఎవరో ఇచ్చిన కురిడీ కాయ ఒకటి నా చెవి దగ్గర ఊపి, "చెప్పు," అన్నారు, చిన్నపిల్లాడిలా. చెప్పడానికి అదే అదను. "కొబ్బరండి," అని ఊరుకున్నాను.

ఇప్పుడు నా చెవులు సరిగా వినపడవు. ఆ అటక మీది చప్పుడు మాత్రం వినపడుతుంది. ఆయన అరుగు మీద నిలబడే ఉన్నట్టుంటుంది. క్షమించమని అడగడం లేదు. అడిగినదానికి జవాబు చెబుతున్నాను, అంతే.

మోగేయండి. అడుగువి కూడా మోగేయి.