ఐగుప్తుకు పోనన్న యోసేపు

ఒక ఊరు ఊరంతటినీ ఒక్క మధ్యాహ్నంలో నా మీదికి లేపిన ఘనత నాది. మామూలు ఊరైతే గొప్పేముంది? ఆ ఊళ్లో రెండు వర్గాలు అంతకుముందు ఏ విషయంలోనూ ఏకమైన పాపాన పోలేదు. నన్ను తిట్టడంలో మాత్రం అన్నదమ్ముల్లా కలిసిపోయాయి. అంతా విని, తప్పెవరిదో మీరే చెప్పండి.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. ప్రొద్దుటూరులో మా చర్చి యువజన సంఘానికి కార్యదర్శిని. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇంట్లో మా అమ్మ మీద గెలిచే ఆశ ఎటూ లేదు కాబట్టి నేరుగా రచ్చకే పోయాను. జమ్మలమడుగు దాటి పులివెందుల దారిలో ఒక పల్లె బడి ఉంది. అక్కడ పిల్లలతో క్రిస్మస్ నాటకం ఆడిద్దామని ఐదుగురం బయల్దేరాం. ఊరి పేరు చెప్పను. ఇప్పటికీ ఆ దారిలో బస్సెక్కే పని పడుతుంటుంది.

ప్రొద్దుటూరు వాళ్లకు ఆ ఊరు విదేశమే. పాస్‌పోర్టు అడగరు గానీ, బస్సు దిగగానే విచారణ మొదలవుతుంది.

"యాడ్నుంచి వచ్చినారప్పా? ఎవురి మనుషులు?"

"యేసు ప్రభువు మనుషులం" అన్నాడు మా సాల్మన్, తెలివిగా.

"ఆయప్ప ఏ పార్టీ?"

మీరు నవ్వుతున్నారు. అడిగినవాడు నవ్వలేదు.

ఊళ్లో పై వీధి చెన్నప్పది, కింది వీధి ఓబులేసుది. జెండాలు రెండు, టీ అంగళ్లు రెండు. బడి ఒక్కటే. దాన్ని ఒక్కటిగా నిలబెట్టింది హెడ్మిస్ట్రెస్ సుగుణమ్మ. మూడేళ్లు మేము బతిమాలితే ఆ ఏడు ఒప్పుకుంది.

"చూడు దానియేలూ, రెండు వీధుల పిల్లోళ్లను ఒగే బెంచీ మీద కూసోబెట్టేదానికి నాకు ఆరేండ్లు పట్టింది. రవ్వంత గలాట అయినా ఒక వీధివాండ్లు పిల్లోళ్లను మాన్పిస్తారు. మానితే మళ్లా రారు. అప్పుడు బడే మూతబడ్తాది."

"మీరేం బయపడొద్దు టీచరమ్మా. నేనుండా గదా."

"నువ్వుండావనేనప్పా నా బయం."

ఆ మాటకు నాకు పౌరుషం వచ్చింది. వేషాలు పంచడంలో నా తెలివి చూడండి. రాజు హేరోదు వేషం చెన్నప్ప మనవడు హరికి. యోసేపు వేషం ఓబులేసు మనవడు, ఎనిమిదేళ్ల శీనుకు. తక్కెడలో వేసి తూచినా చీమంత తేడా రాదు. మరుసటి రోజే ఓబులేసు కబురు పెట్టాడు.

"రాజు వేషం వాండ్లకిచ్చినావంట?"

"మీవాడు దేవునికే నాయన సామీ!"

మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. సాయంత్రం చెన్నప్ప పిలిపించాడు.

"మావాడు శానా చెడ్డోడంట గదా కతలో?"

"చెడ్డోడయినా కుర్చీ ఆయందే సామీ. కిరీటం గూడా."

"కుర్చీ ఉంటే సాలు" అన్నాడు.

పాము చావకుండా కర్ర విరగకుండా పని చక్కబెట్టానని పొంగిపోయాను. రిహార్సల్ ఒక్కసారి చూడమని సుగుణమ్మను పిలవాలన్న బుద్ధి మాత్రం పుట్టలేదు.

పండుగ రోజు మధ్యాహ్నం బడి ముందు చాపలు పరిచాం. ఎడమ పక్క పై వీధి, కుడి పక్క కింది వీధి, నడుమ ఎడ్లబండి పట్టేంత ఖాళీ. వరండానే స్టేజీ. కుడివైపు ఉన్న రేకుల కొట్టం మా ఐగుప్తు, అంటే బైబిల్లో ఈజిప్టు. పశువుల పాక అయింది, గొర్రెల కాపరులు వచ్చారు, జ్ఞానులు వచ్చారు, చప్పట్లు కొట్టారు. తరువాత తెల్లచీర దేవదూత వచ్చింది.

"యోసేపూ, లెయ్యి! హేరోదు రాజు బిడ్డను చంపను మనుషులను పంపిస్తాండాడు. తల్లినీ బిడ్డనూ తీసుకోని ఐగుప్తుకు పో!"

శీను బొమ్మను ఎత్తుకొని ఒక అడుగు వేశాడో లేదో, ఓబులేసు లేచి నిలబడ్డాడు.

"రేయ్ శీనూ! కదిల్తే కాళ్లిరగ్గొడ్తా! ఏందప్పా దానియేలూ, మావాడు వాండ్లకు బయపడి ఊరిడిచి పోవాల్నా?"

పై వీధి చాపల మీద నుంచి ఎవడో అరిచాడు. "పోనీండప్పా, పోయేది వాండ్లకేమన్నా కొత్తనా?" పై వీధంతా గొల్లున నవ్వింది. కింది వీధి మగవాళ్లంతా లేచారు.

విషయం ఏమిటంటే, ఎనిమిదేళ్ల కిందట ఒక గొడవలో కింది వీధి వీధంతా ఊరు విడిచి మైదుకూరులో ఏడాదిన్నర తలదాచుకుందట. ఆ సంగతి బడి ముందు పడుకునే కుక్కకు కూడా తెలుసు. తెలియంది నాకొక్కడికే.

"కత నేను రాయలే సామీ! రెండు వేల ఏండ్ల నాటిది!" అని మొత్తుకున్నాను.

"ఎన్నేండ్లయితేనేం? పారిపొయ్యింది పారిపొయ్యిందే. ఆ రాజునే పొమ్మను!"

"మావాడెందుకు పోతాడు? కుర్చీ మాది!" అని ఇటు నుంచి చెన్నప్ప లేచాడు.

"పోనీ ఇద్దరూ పోతారు సామీ" అన్నాను. అన్నాక నా నోటిని నేనే కొట్టుకోవాలనిపించింది. వెనక్కి చూస్తే నా నలుగురు మిత్రులూ అప్పటికే ఐగుప్తు చేరుకున్నారు. స్నేహమంటే అదీ! సుగుణమ్మ గోడకు ఆనుకొని నిలబడి ఉంది. రెండు వీధుల పిల్లల వైపు మార్చి మార్చి చూస్తోంది. ఆరేళ్ల కష్టాన్ని ఒక్క పూటలో నేను తగలబెట్టానని తెలిసి నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు ఆడవాళ్లలో నుంచి ఓబులేసు భార్య నరసమ్మ లేచింది.

"శీనూ, పోరా నాయనా. అప్పుడు నువ్వు పుట్టి నెల గూడా కాలే. ఇట్లే గుడ్డలో చుట్టి ఎత్తుకోని పోయినాం. సిగ్గని ఈడనే నిలబడింటే నువ్వుండేవానివి కాదు." మొగుడి వైపు తిరిగింది. "నువ్వు కూసో."

చెన్నప్ప తల దించుకొని చెప్పుల వైపు చూశాడు. అంత గాయం మీద నేను నాటకం ఆడించానే అని నాకు సిగ్గేసింది.

ఓబులేసు కూర్చోలేదు. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"పోతే పోనీ. ఒంటిగా మాత్రం పోడు. పదండ్రా!"

యోసేపు ముందు, మరియమ్మ వెనక, ఆ వెనక కింది వీధి మొత్తం. ఇంత బలగంతో ఆ కుటుంబం ఐగుప్తుకు పోవడం లోకంలో అదే మొదటిసారి.

ఐగుప్తులో ఏముందో మీకు చెప్పలేదు కదూ. రెండు గుండిగల కుష్కా అన్నం, ఒక గుండిగ కోడికూర, ప్రొద్దుటూరు బేకరీ కేకు. ఆఖర్న అందరికీ పెడదామని అక్కడ వండించాను. పది నిమిషాల్లో "ఇంగ రెండు ముక్కలెయ్యప్పా" అనే మాటలు, మసాలా వాసన మా వరండా బెత్లెహేము దాకా వచ్చాయి.

"ఏమప్పా దానియేలూ, కూడంతా ఐగుప్తులో పెట్టి మమ్మల్ని ఈడ కూసోబెట్టినావా?" అన్నాడు చెన్నప్ప.

"నాటకం అయినాక అందరికీ ఆడనే సామీ..."

"ఎప్పుడు? రాజు సచ్చినాకనా?"

ఈలోపు రాజు కుర్చీ దిగాడు. "జేజినాయనా, నాకు ఆకలైతాంది. నేను గూడా ఐగుప్తుకు పోతా" అని కిరీటం చేత్తో పట్టుకొని పరుగెత్తాడు. మనవడి వెనక చెన్నప్ప, చెన్నప్ప వెనక పై వీధి. రెండు వీధులూ ఒకే కొట్టంలో, ఒకరికొకరు వీపు చూపించుకుంటూ తిన్నాయి.

కూర సగంలో అయిపోయింది. అంతే, రెండు వీధులూ ఒక్క గొంతుతో నన్ను పట్టుకున్నాయి. "ఇంతమందిని పిల్చి ఈ పిడికెడు కూరనా? ప్రొద్దుటూరోని బుద్ధి!" అన్నాడు ఓబులేసు. "అదే నేనూ అంటాండా" అన్నాడు చెన్నప్ప. ఇద్దరూ ఒక మాట మీద నిలబడటం సుగుణమ్మ అంతకుముందు చూడలేదట. సోమవారం బడికి ఒక్క పిల్లాడు కూడా తగ్గలేదని తరువాత ఆమే చెప్పింది. నాకు ఆ రోజు మెతుకు మిగల్లేదు. ఆ సంగతి ఎవరైనా అడిగారా? అడగలేదు!

బస్సెక్కబోతుంటే చెన్నప్ప మనిషి పరుగున వచ్చాడు. "వచ్చే ఏడు యోసేపు వేషం మావానికే ఇయ్యాలంట. రాజుగా కూసుంటే కూర దొరకలేదంట."

అందుకే సర్వజనుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. బొందిలో ప్రాణం ఉండగా ఇంకెప్పుడూ ఐగుప్తులో వంట పెట్టించను.