వేలికోసం వదిలిన జాగా

ఆఫీసులో ఆమెకు వెంట్రుకవాసి అని పేరు. వెబ్‌సైట్ల ముఖాలు దిద్దడం ఆమె పని: ఏ అక్షరం ఎంత ఉండాలి, ఏ బటన్ ఏ రంగులో ఎక్కడ కూర్చోవాలి, పెద్ద తెర మీది బొమ్మ చిన్న ఫోన్‌లో ఎలా ఒదగాలి. "ఇది వెంట్రుకవాసి ఎడమకి జరగాలి" అని రోజుకు పదిసార్లు అనడం వల్ల వచ్చిన పేరది. పెట్టినవాడు పక్క బల్ల మనిషి. తెర వెనక నడిచే లెక్కలన్నీ అతనివి కనుక, అతన్ని వెనకింటాయన అని పిలిచి ఆమె చెల్లుకు చెల్లు చేసింది.

"చెప్పుల కొట్టువాళ్ళు ఆ ఎరుపు ఇంకాస్త ఎర్రగా కావాలంటున్నారు," అన్నాడు వెనకింటాయన ఒక మంగళవారం ఉదయం.

"ఇంకా ఎర్రగా చేస్తే చెప్పులు కనపడవు, బటనే కనపడుతుంది."

"వాళ్ళక్కావాల్సిందీ అదేగా తల్లీ. చెప్పులు మన కాళ్ళకి, బటను వాళ్ళ కొట్టుకి."

ఆమె బటన్‌ను మరికాస్త ఎర్రగా చేసి, ఒంటిగంటకు కంప్యూటర్ మూసి లేచింది. వారంలో మూడు రోజులు ఆ వేళకు లేస్తుంది. రెండు వీధుల అవతల, పళ్ళ డాక్టరు గదుల పైన, ఆమె రెండో ఉద్యోగం ఉంది.

అక్కడ ఉన్నవి రెండు గదులు, తొమ్మిది కంప్యూటర్లు, చల్లారిన టీ కప్పులు. పన్నెండేళ్ళ నుంచి ఇరవై రెండేళ్ళ లోపువాళ్ళు, బతుకు బరువైపోయిన గడియలో, అక్కడికి రాస్తారు. ఫోన్‌లో మాట్లాడితే పక్క గదికి వినిపిస్తుంది; రాస్తే వినిపించదు. మధ్యాహ్నం రెండు నుంచి సాయంత్రం ఏడు దాకా రాయవచ్చు. బడి వదిలిన నాలుగింటికి తొమ్మిది కంప్యూటర్లూ ఒకేసారి మోగుతాయి. నడిపించే పర్యవేక్షకురాలిని అందరూ పెద్దక్క అంటారు. వయసును బట్టి కాదు, ఎంత గందరగోళంలోనూ ఆమె గొంతు పెరగదని. చేరిన కొత్తలో పెద్దక్క నేర్పిన పాఠాల్లో వెంట్రుకవాసికి బాగా గుర్తున్నది ఒకటే. అనుమానం వచ్చినప్పుడు చావు గురించి సూటిగా అడగాలి. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. అడగకపోతే ఉన్న ఆలోచన ఒంటరిదైపోతుంది.

ఆమె రెండు ఉద్యోగాలూ ఒకదాన్నొకటి తాకింది ఒక్కసారే, ఐదు వారాల కిందట. పిల్లలు రాసే ఆ పేజీని కొత్తగా దిద్దే పని పెద్దక్క ఆమెకే అప్పగించింది.

పేజీ మీద ‘వెళ్ళిపో’ అని చిన్న గుర్తు ఒకటి ఉంటుంది. రాస్తున్న పిల్ల వెనకాల ఎవరైనా వచ్చి నిలబడితే దాన్ని తాకితే చాలు. మాటలన్నీ మాయమై, రేపటి వాన గురించి చెప్పే మామూలు పేజీ తెరుచుకుంటుంది. పాత పేజీలో అది పై మూలన ఉండేది. ఫోన్‌ను ఒంటిచేత్తో పట్టుకుంటే బొటనవేలు అంత దూరం అందడం లేదని పిల్లలే చెప్పారు. ఆమె దాన్ని కుడివైపు కిందికి, ‘పంపు’ బటన్‌కు పైన, తగినంత ఎడంగా దించింది. గుర్తును చిన్నదిగానే ఉంచింది. పెద్దదైతే ఇంట్లోవాళ్ళ కళ్ళు ముందు దాని మీదే పడతాయి. కంగారులో వేలు గురి తప్పకూడదని దాని చుట్టూ కంటికి కనిపించని జాగా కొంత వదిలింది. ఆ జాగాలో ఎక్కడ తాకినా ‘వెళ్ళిపో’ తాకినట్టే. పదకొండు ఫోన్లలో పరీక్షించి చూసింది. వంక పెట్టడానికి లేదు.

ఆ మంగళవారం నాలుగూ ఇరవైకి ఆమె కంప్యూటర్‌కు వచ్చిన అమ్మాయి తన పేరు పెన్సిల్‌ముక్క అని పెట్టుకుంది. పదిహేనేళ్ళని రాసింది.

"ఇది నానమ్మ ఫోను. అక్షరాలు గుమ్మడికాయలంత ఉన్నాయి. నవ్వొస్తోంది."

"నాకు ఇక్కడ చిక్కుడు గింజలంతే కనిపిస్తున్నాయిలే. ఈ రోజు ఎలా ఉంది?"

"బాలేదు."

"ఎప్పట్నించి?"

"పరీక్షల ముందు నుంచి. కాదు, ఇంకా ముందు నుంచి."

అరగంట సేపు అలా ముక్కలు ముక్కలుగానే వచ్చింది కథ. క్లాసులో ఆమె పక్కన ఎవరూ కూర్చోవడం మానేశారు. నిద్ర పట్టడం లేదు. అమ్మా నాన్నా ఒకరి మీద ఒకరు అరుచుకోవడం ఆపితే, ఆమె మార్కుల మీద అరవడం మొదలవుతుంది. "నేను లేకపోతే అందరికీ తేలిక," అని రాసింది.

వెంట్రుకవాసి కుర్చీ ముందుకు జరుపుకుంది. "ఒకటి సూటిగా అడుగుతాను. ఏం చెప్పినా కోప్పడను, కంగారుపడను. చచ్చిపోవాలనిపిస్తోందా?"

తెర అడుగున, అవతలి మనిషి రాస్తున్నట్టు చెప్పే మూడు చుక్కలు కదిలాయి. నాలుగు నిమిషాలు కదిలాయి. ఆగాయి. ‘వెళ్ళిపోయారు’ అని వచ్చింది.

వెనక్కి పిలిచే దారి లేదు. పిల్లల నంబరు తీసుకోబోమని, వెతుక్కుంటూ వెళ్ళబోమని మాట ఇచ్చాకే వాళ్ళు రాస్తారు. ఏడింటిదాకా ఆ పేరు మళ్ళీ వస్తుందేమోనని చూసి, రికార్డులో ‘సొంతంగా వెళ్ళిపోయారు’ అన్న గడిలో టిక్కు పెట్టింది.

"నా ప్రశ్నే తరిమేసిందంటావా పెద్దక్కా?"

"ఈమధ్య అందరికీ ఇదే జరుగుతోందమ్మా. అసలు మాట గడపదాకా వచ్చి వెనక్కి తిరుగుతోంది. ప్రశ్నకి ముందు ఇంకాస్త మెత్తటి దారి వేయాలేమో. వచ్చే వారం దీని మీదే క్లాసు పెడుతున్నా."

మెత్తటి దారి అన్న మాట ఆమెకు మింగుడు పడలేదు. బుధవారం ఇంట్లో కూర్చుని రికార్డులు తిరగేసింది. కొత్త పేజీ వచ్చిన ఐదు వారాల్లో, రాస్తూ రాస్తూ వెళ్ళిపోయినవాళ్ళు యాభై ఏడుగురు. అంతకుముందు ఐదు వారాల్లో పంతొమ్మిదిమంది. పాతవాళ్ళలో కొందరు పది క్షణాలు రాసి ఆగారు, కొందరు నిమిషం రాసి ఆగారు. భయం అలాగే ఉంటుంది, ఎక్కడైనా పట్టుకుంటుంది. కొత్తవాళ్ళు దాదాపు అందరూ రెండు నిమిషాలకు పైగా రాశాకే పోయారు. భయానికి అంత పద్ధతి ఉండదు. పద్ధతి ఉండేది యంత్రానికి.

గురువారం సాయంత్రం ఆమెకు గుమ్మడికాయలు గుర్తొచ్చాయి.

వాళ్ళమ్మ ఇంట్లోనే బట్టలు సరిచేసి ఇస్తుంది: బిగుతైనవి వదులు చేయడం, పొడుగైనవి మడిచి కుట్టడం. మెడలో టేపు, నోట్లో గుండుసూదులు.

"అమ్మా, నీ ఫోనివ్వు. నీ అక్షరాలెంత ఉన్నాయి?"

అమ్మ సూదులు తీసి డబ్బాలో వేసింది. "నాకు కనిపించేంత ఉన్నాయి. నీకేం, కళ్ళున్నదానివి."

కొత్తగా చేరినవాళ్ళకు నేర్పడానికి అలాంటిదే ఇంకో పేజీ ఉంది. అందులో రాసేది ఎవరికీ పోదు. అది తెరిచి ‘హలో’ అని పంపింది. వెళ్ళింది. ‘ఎలా ఉన్నావు’ అని పంపింది. అదీ వెళ్ళింది.

"ఏదైనా పెద్దగా రాయమ్మా. నీకు కోపం తెప్పించిన సంగతి."

"ఎన్ని పేజీలు కావాలి?"

తానే లావెక్కి, ప్యాంటు నువ్వే కుదించి పాడుచేశావని పోట్లాడి వెళ్ళిన మనిషి సంగతి అమ్మ మొదలుపెట్టింది. రెండు వరుసలు, మూడు, ఐదు. రాసేకొద్దీ రాసే పెట్టె పైకి పెరిగింది. అమ్మ ‘పంపు’ మీద వేలు పెట్టింది.

"ఇదేంటే, రేపు వానంటోంది! నేనింకా ఆ ప్యాంటు దగ్గరే ఉన్నాను."

మళ్ళీ రాయించింది. మళ్ళీ వానే వచ్చింది. అక్షరాలు పెద్దవైనప్పుడు, రాసింది ఐదు వరుసలు దాటగానే, పెరిగే పెట్టెతోపాటు ‘పంపు’ కూడా పైకి జరిగి, ‘వెళ్ళిపో’ చుట్టూ తను వదిలిన కనిపించని జాగా కిందికి సరిగ్గా చేరుతోంది. కంటికి ‘పంపు’ కనిపిస్తుంది, వేలు ‘వెళ్ళిపో’ను తాకుతుంది. చిన్న మాటలు వెళ్తాయి. గుండెలో ఉన్నదంతా ఒక్కసారి రాసినవాళ్ళు పేజీ బయట పడతారు.

"ట్రయల్ ఎవరికి వేశావు?" అంది అమ్మ, కూతురి మొహం చూసి.

"పదకొండు ఫోన్లకి."

"ఫోన్లకి కాదే, మనుషులకి. బొమ్మకి తొడిగితే ఏ చొక్కా అయినా సరిపోతుంది. దానికి పొట్టా ఉండదు, వంగడమూ ఉండదు. అయినా పిల్లలకి కొత్త ఫోనెవరిస్తారు? ఇంట్లో ముసలివాళ్ళదే లాక్కుంటారు."

గుట్టుచప్పుడు కాకుండా సరిచేయవచ్చునని ఆమెకు తోచకపోలేదు. గుర్తును పాత మూలకు ఎక్కిస్తే అంకెలు వాటంతటవే తగ్గుతాయి; ఆ మంచిపేరు పెద్దక్క క్లాసుకు పోతుంది; పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు తాను తాగవచ్చు. అప్పుడిక, వెళ్ళిపోయింది పిల్లలేనని ఆ యాభై ఏడు గడులూ ఎప్పటికీ చెబుతూనే ఉంటాయి. అమ్మ సూదిలోకి దారం ఎక్కించేలోపు ఆమె పెద్దక్కకు ఫోన్ చేసింది.

పెద్దక్క అంతా వింది. "అంటే వాళ్ళు వెళ్ళలేదు. మనమే గెంటేశాం."

"మనం కాదు పెద్దక్కా, నేను."

"అది రేపు చూద్దాం. ముందు తలుపు తియ్యి."

ఇరవై నిమిషాల్లో ‘వెళ్ళిపో’ పై మూలకు ఎక్కింది. అమ్మ ఫోన్‌లోనే మళ్ళీ చూసింది. ఈసారి ప్యాంటు కథ మొత్తం, శాపనార్థాలతో సహా, అందింది.

మర్నాడు అక్కడ పనిచేసే తొమ్మిదిమందీ కూర్చున్నారు. జరిగింది ఆమె నిలబడి చెప్పింది. పేజీ పని ఇక తనకు వద్దంది. పెద్దక్క క్లాసుకోసం అచ్చువేయించిన కాగితాలను బోర్లించి పెట్టింది. "తప్పెక్కడుందో తెలిసినదాన్ని తీసేసి, తెలియనివాళ్ళని పెట్టుకోనా? ఇకనుంచి ఏది మార్చినా ముసలి ఫోన్లలో, పెద్ద అక్షరాల్లో, మనుషుల చేత రాయించి చూడు. ఇప్పుడు మనం గెంటేసినవాళ్ళకి ఏం చెబుదాం?"

పేజీ మొదట్లో ఒక మాట పెట్టడం తప్ప దారి లేదు. బడిలో పనిచేసి రిటైరైన మాస్టారు కాగితం మీద రాసి చదివారు: "సాంకేతిక కారణాల వల్ల కలిగిన అంతరాయానికి చింతిస్తున్నాము."

"మాస్టారూ, మొహాన తలుపేసి చింతిస్తున్నాం అంటే పిల్లలు నమ్ముతారా?" అంది వెంట్రుకవాసి.

"నమ్మరులే. పదో తరగతివాళ్ళు నేను హాజరు పిలిస్తేనే నమ్మేవాళ్ళు కాదు. నువ్వే రాయమ్మా."

ఆమె రాసింది: "మీరు పంపబోయిన మాట మాకు చేరకముందే మా పేజీ మిమ్మల్ని బయటికి పంపింది. తప్పు మీది కాదు, మేం చదవలేదు. బాగుచేశాం. మళ్ళీ రాయండి."

ఆ మధ్యాహ్నమంతా రికార్డుల్లో యాభై ఏడు టిక్కులు ఒక్కొక్కటే తీసి, పక్కన ‘మా వల్ల తెగింది’ అని రాసింది. అందులో కొన్ని పేజీతో సంబంధం లేనివి కూడా ఉంటాయి. ఏవో తేల్చే వీలు లేదు కనుక అన్నీ తన ఖాతాలోనే వేసుకుంది.

తర్వాతి వారం రోజుల్లో ఆరుగురు తిరిగొచ్చారు. వాళ్ళలో పెన్సిల్‌ముక్క లేదు. బటన్ ఎరుపు కాస్త తగ్గించమని చెప్పుల కొట్టువాళ్ళు కబురు పెట్టారు. తగ్గించింది. ఆమె మూడుసార్లు చూసి మరీ పంపడం గమనించిన వెనకింటాయన వెక్కిరించబోయి, మొహం చూసి మానుకున్నాడు.

ఆ మంగళవారానికి పదో రోజు, నాలుగూ ముప్పై ఐదుకు, ఆ పేరు వచ్చింది.

"ముందు పేజీలో రాసింది నిజమేనా?"

"నిజమే. నువ్వు రాసింది నాకు అందలేదు. ఆ పేజీ చేసింది నేనే. తప్పు నాది."

చుక్కలు కదిలాయి, ఆగాయి, కదిలాయి. "చదివి తలుపేసుకున్నారనుకున్నా."

ఆ పది రోజులూ ఆ అమ్మాయి ఆ మాటను మోస్తూ బడికి వెళ్ళొచ్చింది.

"అలా అనిపించడంలో తప్పేం లేదు. మళ్ళీ రాయగలవా?"

"అప్పుడు బాగా రాశా. ఇప్పుడు అంత బాగా రాదు."

"బాగా రాయక్కర్లేదు. ఉన్నది రాయి. నేను ఇక్కడే ఉన్నా."

మూడు నిమిషాలు చుక్కలు కదిలాయి. పెద్దక్క వచ్చి కుర్చీ వెనక నిలబడింది. పదకొండు వరుసలు ఒక్కసారిగా వచ్చాయి. అందులో ఏముందో ఆ ఇద్దరికీ, రాసిన అమ్మాయికీ తప్ప ఎవరికీ అక్కర్లేదు. సూటి ప్రశ్నకు జవాబు మాత్రం అవును అనే. ఆ రోజూ అవునే, ఈ రోజూ అవునే, కాని ఆ రోజంత కాదు.

ఆమె నేర్చుకున్న వరుసలోనే వెళ్ళింది. చెప్పినందుకు మెచ్చుకుంది. ఈ గంటలో ప్రమాదం ఎంత దగ్గర్లో ఉందో అడిగింది, దాన్ని దూరం చేసే పని మాట్లాడింది, ఇంట్లో ఎవరున్నారో అడిగింది.

"నానమ్మ. ఆవిడకి చెప్తే ఏడుస్తుంది."

"ఏడవనీ. ఏడ్చాక ఏం చేస్తుంది?"

కొంచెం ఆలస్యంగా వచ్చింది జవాబు. "పక్కన కూర్చుంటుంది."

"అయితే పిలువు. నోటితో చెప్పలేకపోతే ఈ తెర చూపించు."

ఆరు నిమిషాలు ఏమీ రాలేదు. ‘వెళ్ళిపోయారు’ అన్న మాట కూడా రాలేదు. ఆమె ఆ ఆరు నిమిషాలూ తెర మీంచి కళ్ళు తిప్పలేదు.

"చదివేసింది," అని వచ్చింది చివరికి. "అక్షరాలు పెద్దవిగా ఉన్నాయిగా, కళ్ళద్దాల్లేకుండానే మొత్తం చదివేసింది. ఏడుస్తోంది. నా చెయ్యి వదలట్లేదు. ఒంటిచేత్తో రాస్తున్నా."

రేపు పదకొండింటికి నానమ్మతో కలిసి డాక్టరును చూడడానికి సమయం కుదిరింది. ఈ రాత్రి ఎవరు ఎక్కడ పడుకోవాలో కూడా రాసుకున్నారు. ఆరూ పదికి చివరి మాట వచ్చింది.

"వెళ్ళొస్తా. పై మూలది నేనే నొక్కుతున్నా, కంగారుపడకండి. బొటనవేలు అందట్లేదు, నానమ్మ నొక్కుతుంది."

తెర మీద ‘వెళ్ళిపోయారు’ అని వచ్చింది. రికార్డులోని గడుల్లో దీనికి సరిపోయేది ఏదీ లేదు. పక్కనున్న ఖాళీలో వెంట్రుకవాసి ‘చెప్పి వెళ్ళింది’ అని రాసి, మోగుతున్న తర్వాతి పిలుపు తెరిచింది.