ఏటా కొంచెం విచ్చుకున్న గులాబీ

మొన్న ఈస్టరుకు వారం ముందు మా ఆయన కర్నూలు పాతబస్తీ అంగళ్ల నుంచి ఒక ప్లాస్టిక్ పువ్వుల కట్ట తెచ్చి నా ఒళ్లో పెట్టారు. ఎర్రగా, నున్నగా, అన్నీ ఒకే తల్లి పిల్లల్లా ఉన్నాయి. "ఇంగ నువ్వు నడుం పట్టుకోని కూసోని చేసే పనిల్యా. ఎండకు వెలిసిపోవంట, వానకు తడిసిపోవంట. ఒగసారి పెట్టొస్తే పదేండ్లు సూసే పనిల్యా" అన్నారు, పెద్ద వ్యాజ్యం గెలిచి వచ్చినవారిలా. ఆయన మంచితనం మీద నాకెప్పుడూ అనుమానం లేదు. నిజం చెప్పాలంటే నాకూ ప్రాణం తేలికపడింది. ఉద్యోగమంతా నర్సుగా నిలబడి నిలబడి మోకాళ్లు అరిగిపోయాయి, ఇప్పుడు వేళ్లు కూడా వాటితో పోటీ పడుతున్నాయి. కత్తెర పట్టుకుంటే బొటనవేలు మొరాయిస్తుంది. రిటైరైతే అలసట తీరుతుందనుకున్నాను గాని, అది కూడా నాతోపాటే రిటైరై ఇంటికొచ్చి కూచుంది. కానీ పెద్దమ్మ పోయాక ఇది మొదటి ఈస్టరు. కోడుమూరు అవతల పల్లెలో, సమాధుల తోటలో, ఒక చిన్న సమాధి మీద ఈ ఏడు పువ్వు పెట్టాల్సింది నేనే. చేసి పెడతానని ఆమెకు మాటిచ్చాను. కొని పెడతానని ఇవ్వలేదు. అక్కడొచ్చింది చిక్కు.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. ఆమె ఇంటికి పైకప్పు నాపరాతి బండలు. ఎండాకాలం మధ్యాహ్నం ఆ బండల కింద కూచుంటే రొట్టె పెనం కింద కూచున్నట్టుండేది. ఆ ఊళ్లో ఈస్టరు నాటికి పచ్చగా మిగిలేది జిల్లేడొక్కటే. సమాధుల తోట అని పేరే గాని అందులో మొక్క అనేది మొలిచిన పాపాన పోలేదు. మా వాళ్లు పండుగకు ముందు సమాధులకు సున్నం కొట్టి, తెల్లారకముందే పాటలు పాడుకుంటూ పోయి కొవ్వొత్తులు వెలిగిస్తారు. కర్నూలు నుంచి బస్సులో పువ్వులు తెస్తే దిగేసరికే అవి ఉడికిన ఆకుకూరలా ఉండేవి. అందుకని ఊళ్లో ప్రతి ఇంటి సమాధికీ పెద్దమ్మ చేసే కాగితం పువ్వులే దిక్కు. చిన్నప్పుడు మిషను హాస్టల్లో ఉన్నప్పుడు కుట్టుపని నేర్పే టీచరమ్మ దగ్గర ఆ విద్య నేర్చుకుందట. టీచరమ్మ నేర్పింది పువ్వు చేయడం వరకే. దానికి ప్రాణం పోయడం మాత్రం పెద్దమ్మ సొంతంగా నేర్చుకుంది. ఒక ఏడు కొత్తగా వచ్చిన పాస్టరుగారు గుడిలో బల్ల మీది గులాబీని వంగి వాసన చూసి, పుప్పొడికని పెద్దమ్మ అద్దిన పసుపు ముక్కులోకి పోయి, ప్రార్థన మొదలుపెట్టాల్సిన చోట తుమ్ములు మొదలుపెట్టారు. పెద్దమ్మ భక్తిగా తల వంచుకునే ఉంది గాని, భుజాలు మాత్రం చివరి ఆమెన్ దాకా కదులుతూనే ఉన్నాయి. ఆమెకు ఈ లోకంలో దక్కిన బిరుదు ఆ తుమ్మే.

సెలవుల్లో నన్ను సాయానికి పిలిచేది. సాయమంటే కాడలకు పట్టించే మైనానికి కొవ్వొత్తి ముక్కలు ఏరడం, మైదా జిగురు అడుగంటకుండా కలపడం. కత్తెర చేతికిచ్చిన మొదటిసారి నేను క్రేప్ పేపరును అడ్డంగా కోసి ఒక కట్ట పాడుచేశాను. కాగితం మీది సన్నటి ముడతలు రేకుకు నిలువుగా రావాలి. అప్పుడే బొటనవేళ్లతో మధ్యలో సాగదీస్తే రేకు దోసిలిలా గుంట పడుతుంది. అడ్డంగా కోస్తే అది సాగదు, చిరుగుతుంది. రేకు అంచును చీపురుపుల్లకు చుట్టి వదిలితే వెనక్కి ఒరుగుతుంది. పలచటి నీళ్ల రంగులో కుంచె ముంచి, గుడ్డకు అద్ది, దాదాపు పొడిగా ఉన్న కుంచెతో లోపలి నుంచి బయటికి లాగేది. మొదట్లో ముదురుగా, అంచుకు పోయేకొద్దీ లేతగా. నడిమధ్య బొంబాయి రవ్వకు పసుపు పట్టించి అంటించేది. చిట్టచివర చిక్కటి టీ డికాషనులో కుంచె ముంచి అంచుల మీద అక్కడక్కడా తాకించేది. అంతే, అప్పటిదాకా అంగడి పువ్వులా ఉన్నది చెట్టు పువ్వైపోయేది. బాగున్న పువ్వును ఎందుకు చెడగొడుతున్నావని అడిగితే, "ఎండ కొట్టకుండా, గాలి తగలకుండా యాడన్నా పువ్వు ఉంటాదేమే? మచ్చ ల్యాకపోతే బొమ్మ అయితాది గానీ పువ్వెట్ల అయితాది?" అనేది.

అందరి పువ్వులూ అయ్యాక, ఆఖరున ఒక్క గులాబీ చేసేది. అది ఆమె బిడ్డకు. నేను పుట్టిన ఏడే, నాకంటే కొద్ది రోజుల ముందు, అదే ఇంట్లో పెద్దమ్మకూ ఆడపిల్ల పుట్టింది. ఏడాది నిండకముందే జ్వరమొచ్చి పోయింది. మళ్లీ పిల్లలు కలగలేదు. మా అమ్మకు పాలు చాలక, ఆ పిల్ల పోయిన తర్వాత పెద్దమ్మే నాకు పాలిచ్చిందని చెప్పుకునేవారు. ఆ ఒక్క గులాబీ మొదలుపెట్టే ముందు నన్ను గడప దగ్గరికి పిలిచి, గడ్డం పట్టుకుని మొహాన్ని వెలుతురు వైపు తిప్పేది. సంతలో కోడెదూడను చూసినట్టు అటు తిప్పి ఇటు తిప్పి చూసేది, పళ్లొక్కటే లెక్కపెట్టేది కాదు. నా మొహం కడగలేదేమోనని చూస్తోందనుకుని, ఆ రోజు మాత్రం నేను సబ్బుతో రెండుసార్లు రుద్దుకునేదాన్ని. నాకు పెళ్లై రాజంపేటకు కాపురానికి పోయినా, తర్వాత ఉద్యోగరీత్యా మళ్లీ కర్నూలు చేరినా, ఈస్టరుకు ముందు ఆ గడపలో ఆ పరీక్ష తప్పలేదు. ఇద్దరు పిల్లల తల్లినై కూడా గడ్డం అప్పగించి నిలబడేదాన్ని. ముసలమ్మ చాదస్తం, పోనీలే అనుకునేదాన్ని.

ఆ చిన్న సమాధి మీది గులాబీ ఏడాదికేడాది మారుతోందని నాకు తెలియలేదు. తెలిసే దారీ లేదు. పాతవి ఎండకు వెలిసి, గాలికి చెదిరి, మరుసటి పండుగకు ఉత్త తీగలు మిగిలేవి. వాటిని పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు లేరు. నాకు యాభై దాటిన తర్వాత ఒక ఏడు, రాత్రి డ్యూటీ ముగించుకుని అలాగే బస్సెక్కి పల్లెకు పోయాను. ఆ నెలంతా వార్డులో మంచాలు చాలక రోగులు నేల మీదే ఉన్నారు. ఇంట్లో అమ్మ మంచాన పడి ఉంది. ఎవరైనా పలకరిస్తే ఏడుపొచ్చేలా ఉన్నాను, ఎవరూ పలకరించలేదు కాబట్టి సరిపోయింది. పెద్దమ్మ ఎప్పటిలా గడ్డం పట్టుకుంది. ఈసారి చాలాసేపు వదల్లేదు. తర్వాత లోపలికి పోయి, పొయ్యి మీది గిన్నెలో ఇంకో చెంచా టీ పొడి వేసింది.

"నాకా పెద్దమ్మా టీ?" అన్నాను ఆశగా.

"నీగ్గాదులే, దానికి" అంది. నాకర్థం కాలేదని చూసి, ఇందులో చెప్పడానికేముందన్నట్టు చెప్పింది. "నీ మొగం జూస్తేనే గదే దాని మొగం నాకు తెలిసేది. బతికుంటే నీలెక్కనే ఉండేది గదా. ఈ ఏడు శానా అలిసిపోయిండాది పిల్ల."

అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. నేను పలక పట్టిన రోజుల్లో ఆ సమాధి మీద ముడుచుకున్న మొగ్గ. నేను ఓణీ వేసిన ఏడు సగం విచ్చిన గులాబీ. నా పెద్దకొడుకును ఎత్తుకుని పోయిన ఏడు, గుడి బల్ల మీదైనా పెట్టనంత నిండు పువ్వు. ఆ తర్వాత అంచులు ఒరిగి, గోధుమరంగు తిరిగి, మెడ కొంచెం వంగి. నా వయసు చూసి ఆ పిల్లకు వయసు పోస్తూ వచ్చింది పెద్దమ్మ. తిరుగు బస్సులో నాకు కోపం కూడా వచ్చింది. నా అలసట నాకే మోయలేనంత ఉంటే, దాన్ని ఇంకొకరికి కొలతగా వాడుకుంటున్నారా అనిపించింది. మరుసటి ఏడు పంతంగా మొహానికి పౌడరు దట్టించి, కాటుక పెట్టుకుని పోయాను. ఆమె కొంగు తడుపుకొచ్చి నా మొహం బరబరా తుడిచేసింది. "ఇట్ల పూసుకోనొస్తే నాకెట్ల తెలుస్తాదే? దానికి నువ్వు గాక ఎవరుండారు?" అంది. ఆ తడి కొంగు కింద నా కోపం ఎటు పోయిందో పోయింది. ఆ రోజు నాకింకో సంగతి తెలిసింది. పుట్టింటివాళ్లు, అత్తింటివాళ్లు, డాక్టర్లు, రోగులు, అందరికీ నాతో పనే. ఏడాదికొకసారి నా మొహం ఎలా ఉందో తెలుసుకోవాలని నిలబెట్టి చూసిన మనిషి ఈమె ఒక్కతే.

పోయిన ఈస్టరుకు ఆమెకు చూపు పూర్తిగా మందగించింది. ఆపరేషనంటే వద్దంది. గడపలో నన్ను కూచోబెట్టి వేళ్లతో తడిమి చూసింది. కళ్ల కింద, నోటి పక్కల, మెడ మీద. ఆ వేళ్లకు మైదా జిగురు వాసన. "ఇంగ రేకులు వదులైతాయి" అని గొణిగింది. కత్తెర నేను పట్టాను, రంగు తను వేసింది. కుంచె వణికితే మచ్చలు ఇంకా సహజంగా వచ్చాయి. ఆ వానాకాలమే మంచం పట్టింది. నేను పోయి పక్కన కూచుంటే, తన సంగతి వదిలేసి దాని సంగతే చెప్పింది. "పువ్వు మాన్పగాకు. దాన్ని ఆ వయసులో ఒగదాన్నే ఇడిసిపెడితే దిక్కుతోచక అల్లాడిపోతాది." చేసి పెడతానన్నాను. అలాంటప్పుడు ఎవరైనా అంటారు. ఆమెను ఆ చిన్న సమాధి పక్కనే పెట్టాం.

ఇప్పుడు ఒళ్లో ఈ ప్లాస్టిక్ గులాబీలు. వెలిసిపోవు, ఒరగవు, పదేళ్లూ ఇలాగే ఉంటాయి. ఇవి ఒకసారి పెట్టొస్తే నాకు ఏటా బస్సు ప్రయాణం తప్పుతుంది, వేళ్ల నొప్పి తప్పుతుంది. ఆ పిల్ల మాత్రం పోయిన ఈస్టరు దగ్గరే ఆగిపోతుంది. రెండు రోజులు అటూ ఇటూ తిరిగి, నన్ను నేను తిట్టుకుని, పెద్దమ్మను తిట్టుకుని, చివరికి పెట్టెలోంచి క్రేప్ పేపరు తీశాను. మా ఆయన మైదా జిగురు కాచిచ్చారు, అందులో ఉండలున్నాయి. వేళ్లు సహకరించక నాలుగు రేకులు చిరిగాయి. మిగిలినవి కట్టి, రంగు వేసి, డికాషను దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. ఎంత పూయాలి? అద్దంలో చూసుకున్నాను. అద్దంలో నాకెప్పుడూ పాపిడి, జుట్టు తప్ప ఏమీ కనబడవు, అలవాటు. ఆయన్ను గుమ్మం దగ్గరికి పిలిచి, "నా మొహం చూసి చెప్పండి" అన్నాను. ఎందుకో ముందే చెప్పి ఉన్నాను గనుక ఆయన నవ్వలేదు. మొదట మొహమాటపడ్డారు. తర్వాత నా గడ్డం కింద చెయ్యి పెట్టి వెలుతురు వైపు తిప్పారు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన అలా చూడటం నాకు గుర్తు లేదు.

"శానా అలిసిపోయినావే" అన్నారు మెల్లగా. వంటింట్లోకి పోయి గిన్నెలో ఇంకో చెంచా టీ పొడి వేసొచ్చారు.

ప్లాస్టిక్ పువ్వులు టీవీ పక్కన పెట్టాను. వాటి మీద దుమ్ము అప్పుడే చేరింది. ఈస్టరు నాడు తెల్లవారుతుండగా ఆ చిన్న సమాధి మీద నా గులాబీ పెట్టాను. పెద్దమ్మ చేసినంత బాగా రాలేదు, మెడ మరీ వంగింది, ఒక రేకు ఊడటానికి సిద్ధంగా ఉంది. దాన్ని సరిచేయబోయి మానుకున్నాను. కాలం ఆ పిల్లను ఒళ్లోనే వదిలేసి తన దారిన పోయింది. పెద్దమ్మ ఊరుకోక దాని చెయ్యి నా చేతిలో పెట్టి, ఏటా ఒక రేకు చొప్పున ఇంతదూరం నడిపించింది. ఇప్పుడు మా ఇద్దరికీ ఒకటే వయసు, ఒకటే అలసట.