జంగు అడిగిన ఒక్క ముక్క

ఈ సంగతిని మింగలేక, కక్కలేక ఇన్నేళ్లు మోశాను. మీరెవరో నాకు తెలియదు, నా పేరు మీకు అక్కర్లేదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

నా పంతులు చదువుకు ఒక సంఘం అప్పిచ్చింది. మారుమూల గూడెంలో ఐదేళ్లు పాఠాలు చెబితే ఆ అప్పు మాఫీ. వాగు పొంగితే ఎవరూ రాలేని ఒక అడవి గూడెం నాకు పడింది. ఆదిలాబాద్ వైపు. రెండేళ్లు చెప్పాను. ఇంతలో సౌదీలోని దమ్మామ్‌లో, గోదాములో గుమాస్తా పనికి వీసా వచ్చింది.

సంఘానికి నెలనెలా హాజరు కాగితం పంపాలి. మిగిలిన మూడేళ్ల కాగితాలన్నిటి మీదా ముందే సంతకాలు చేసేశాను. ఒక్క మధ్యాహ్నంలో పనైపోయింది. ఆ కట్ట జంగు చేతిలో పెట్టాను. జంగు ఆ గూడెం వాడే, ఏడో తరగతి దాకా చదివాడు. నా పేరున వచ్చే కాస్త భత్యం నువ్వే తీసుకో, నెలకో కాగితం పోస్టు చెయ్యి, బడి తలుపు తీసి పెట్టు చాలు అన్నాను. పాఠాలు చెప్పమని కూడా అనలేదు. అంత గొప్ప పంతుల్ని నేను.

ఒక్క నెల తప్పకుండా కాగితాలు వెళ్లాయి. అప్పు మాఫీ అయింది. ఆ శుక్రవారం రూములో అందరికీ బిర్యానీ తెప్పించాను.

గల్ఫ్ యుద్ధం మొదలయ్యే ముందు వారం జంగు ఉత్తరం వచ్చింది. నా రాత కన్నా అతని రాతే బాగుంది. "సారూ, బడికి గూడెం మనిషినే పంతులుగ పెడ్తరట. మూడేండ్లు నేనే చెప్పినట్టు రుజువు గావాలన్నరు. కాయిదాలల్ల అన్ని మీ సంతకాలే ఉన్నయి. జంగు చెప్పిండు అని ఒక్క ముక్క రాసి పంపున్రి."

ఒక్క ముక్క. అది రాస్తే మాఫీ రద్దవుతుంది, దొంగ హాజరు కేసు నా మెడకు చుట్టుకుంటుంది. రాయకపోతే అతనికి ఉద్యోగం రాదు.

ఒక మధ్యాహ్నం సైరన్ మోగింది. కిటికీలకు టేపులు అంటించిన గదిలో ఎనిమిది మందిమి ముక్కులకు తడి తువ్వాళ్లు కట్టుకుని కూర్చున్నాం. విషవాయువు మాస్కులు మా దాకా రాలేదు. ఉత్తరం నా చొక్కా జేబులోనే ఉంది. బతికితే రాస్తానని మొక్కుకున్నాను. బతికాను. రాయలేదు. యుద్ధం కదా, టపా నడవడం లేదు కదా అని సర్దిచెప్పుకున్నాను. ఆరు వారాల్లో యుద్ధం ముగిసింది. నా టపా మాత్రం పదేళ్లయినా కదల్లేదు. కేసుకు భయపడ్డానా? లేక నేను వదిలేసి వచ్చిన పనిని నాకన్నా చిన్న చదువు చదివినవాడు నాకన్నా బాగా చేశాడని నా చేత్తో రాయడానికి మనసొప్పలేదా? రెండోదే అయి ఉంటుందని ఇప్పుడు అనిపిస్తోంది.

ఆ పదేళ్లకు మా కంపెనీకి కొత్త ఎలక్ట్రీషియన్ వచ్చాడు. క్యాంపులో నన్నందరూ మున్షీ అనేవారు, అసలు పేరు ఎవరికీ తెలియదు. అన్నం దగ్గర ఏ ఊరని అడిగితే ఆ గూడెం పేరు చెప్పాడు.

"బడున్నదా తమ్మీ అక్కడ?"

"ఎందుకు లేదన్నా? మా జంగు సారు చెప్తడు. నేను ఐటీఐ చేసిన్నంటే ఆయన పుణ్యమే."

"జీతమెంతిస్తరు?"

"జీతమేడిదన్నా? రుజువు లేదని నౌకరి ఇయ్యలే. పొద్దుగాల బడి, అటెన్క చేను పని. మేం రాకుంటే ఇంటికొచ్చి గుంజుకపోతుండె."

"రుజువు ఎవరియ్యాలె?"

"ముందటి సారు. ఈ సౌదీలనే ఉండెనట. లడాయిల పోయిండంటడు జంగు సారు. బతికుంటే రాయకపోవునా అంటడు. ఆ సారు పేరు బడి గోడ మీద ఇంక ఉన్నదన్నా. వానకు చెరిగినప్పుడల్లా జంగు సారే మల్ల రాస్తడు."

ఆ పేరు కూడా చెప్పాడు. అది నా పేరు.

నేను పళ్లెం అక్కడే వదిలి ఎండలోకి వెళ్లి నిలబడ్డాను. సిగ్గు తరవాత వచ్చింది. ముందు వచ్చింది ఆశ్చర్యం. మనిషన్నవాడు ఇంత పెద్దగా ఉండగలడా? భత్యం ఆగినా, ఉద్యోగం రాకపోయినా, పిల్లలు వస్తున్నారు కదా అని రోజూ బడి తెరిచాడు. నేను మోసం చేశానని అనుకోవడం కన్నా చచ్చిపోయానని అనుకోవడమే అతనికి తేలికైంది. అలాంటి మనిషిని నేను తలుపు తీయడానికి పెట్టాను. అక్కడే, ఆ వేడి ఇసుకలో, అతనికి చేతులెత్తి దండం పెట్టాను. అటుగా పోతున్న పాకిస్తానీ డ్రైవరు నమాజుకు వేళ కాలేదే అన్నట్టు చూశాడు.

అప్పుడూ రాయలేదు. చచ్చినవాడు ఏ మొహంతో ఉత్తరం రాస్తాడు? ఇప్పుడు ఇంటికొచ్చేశాను. ఆ గూడేనికి బస్సులో మూడు గంటలు. వెళ్లలేదు. క్షమించమని మిమ్మల్ని అడగను, ఆ హక్కు మీకు లేదు, నాకసలే లేదు. అతను అడిగింది ఒక్క ముక్క. ఎవరికీ పనికిరాని వేళలో, నా చేత్తోనే రాస్తున్నాను.

ఆ బడిలో పాఠాలు చెప్పింది జంగు.