టౌరంగా పక్షులకి అంత తొందరెందుకు?

ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారని పెద్దలన్నారు. శుద్ధ తప్పు. నేను తీసిన గోతిలో మా అమ్మాయి పడింది. అదీ మామూలుగా కాదు, రగ్బీ బూట్లు వేసుకుని, రెండు జడలు బిగించి అల్లుకుని మరీ పడింది. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను. నవ్వొస్తే మొహమాటపడకండి. మా ఆవిడ సుజాత ఏడేళ్ళుగా అదే పని మీద ఉంది.

అప్పటికి మేం ఆక్లాండ్‌కి తూర్పున ఫ్లాట్ బుష్‌లో ఉండేవాళ్ళం. మా శ్రావ్యకి కాలేజీలో ఆఖరి ఏడు. ఇక్కడ కాలేజీ అంటే మన హైస్కూలే లెండి. ఆడపిల్లల రగ్బీ జట్టులో అది వింగర్. అంటే, మైదానం అంచున కాచుకుని ఉండి, బంతి చేతికందిన మరుక్షణం, కల్లాపి నీళ్ళు మీద పడ్డ పిల్లిలా పరుగు లంకించుకోవాలి. పిల్ల బక్కపలచన. కాళ్ళు మాత్రం కాళ్ళు కావు, తారాజువ్వలు.

ఆ ఏడు మా కాలేజీ ఆక్లాండ్ లీగ్ గెలిచింది. ఆనవాయితీ ప్రకారం టౌరంగా వైపు లీగ్‌లో గెలిచిన జట్టుతో వాళ్ళ ఊళ్ళో పోటీ. శ్రావ్యకి అదే చివరి స్కూలు మ్యాచ్. నెల రోజుల నుంచి తెల్లారకుండా లేచి వీధిలో పరుగులు. ఎదురింటి కుక్క మొదట్లో దానితో పోటీపడేది, రెండో వారానికి ఓటమి ఒప్పుకుని గేటు దగ్గరే పడుకుంది.

ఇక తల్లిదండ్రులందరిదీ ఒకటే వాదన. ఏ లీగ్ వేగం ఎక్కువ? ఏ లీగ్ బలం ఎక్కువ?

"మన పిల్లల స్పీడ్ ముందు వాళ్ళు ఆగరండీ" అన్నారు మాకు దగ్గర్లోని మనురేవాలో కిరాణా కొట్టు నడిపే రెడ్డిగారు. ఆయన కూతురు కూడా జట్టులో ఉంది.

"అంచనాలు కాదు రెడ్డిగారూ, డేటా కావాలి" అన్నాను.

అప్పట్లో నేను ఆఫీసులో డేటా విశ్లేషకుణ్ణి. కందకి లేని దురద కత్తిపీటకి ఉంటుందో లేదో తెలియదు గానీ, కోచ్‌కి లేని దురద నాకు దండిగా ఉండేది. మా లీగ్ మ్యాచ్‌లన్నీ మైదానం పక్కన నిలబడి స్వయంగా స్టాప్‌వాచ్‌తో కొలిచాను. మధ్య గీత నుంచి చివరి గీతకి మా పిల్లల్లో చురుకైనవాళ్ళకి ఎనిమిది సెకన్లు. టౌరంగా మ్యాచ్‌లకి వెళ్ళలేను కదా, వాటి వీడియోలు లాప్‌టాప్‌లో పెట్టుకుని కొలిచాను.

అయిదున్నర సెకన్లు!

కళ్ళజోడు తుడుచుకున్నాను. మళ్ళీ కొలిచాను. అయిదున్నరే. వింగర్లే కాదు, లావుపాటి అమ్మాయిలు కూడా ఆరు సెకన్లలో దూసుకుపోతున్నారు. బంతి అందించే ముసలాయన కూడా!

ఇక బలం సంగతి. స్క్రమ్ అని ఒకటుంటుంది. రెండు వైపులా ఎనిమిదేసి మంది తలలు దూర్చి పొట్టేళ్ళలా తోసుకోవడం. టౌరంగాలో ఆ తోపులాట మొదలైందో లేదో ముగిసిపోతోంది. అంటే నిలబడి తోసే సత్తువ లేదన్నమాట! వేగం పదికి పది, బలం పదికి మూడు అని రాసుకున్నాను.

అప్పుడే సుజాత పకోడీల పళ్ళెంతో వచ్చి తెరలోకి తొంగి చూసింది.

"ఏమండీ, ఆ పక్షులేంటి అంత కంగారుగా ఎగురుతున్నాయి?"

"సముద్రపు పక్షులే. టౌరంగాలో గాలెక్కువ."

"ఆ జెండా కూడా ఫ్యాను రెక్కలా కొట్టుకుంటోంది."

"గాలన్నాను కదే!"

"ఆ మాట్లాడేవాడికేం తొందర? బస్సు తప్పిపోతోందా?"

"ఈ కివీ జనం అలాగే మాట్లాడతారులే. నాకేమైనా కొత్తా?"

అన్యాయంగా అనకూడదు. ఈ దేశం వచ్చి పన్నెండేళ్ళయినా నాకు ఎవరి మాటా పూర్తిగా అర్థమైంది లేదు. అందుకని అనుమానం రాలేదు. డెబ్బై నిమిషాల మ్యాచ్ నలభై ఏడు నిమిషాల్లో ముగిసిపోయినా రాలేదు. మధ్యలో విరామాలు కత్తిరించి ఉంటారనుకున్నాను. మీరు నవ్వుతున్నారా? ఆగండి, ఇంకా టౌరంగా చేరలేదు.

ముప్పై పేజీల నివేదిక తయారు చేశాను, రంగురంగుల గ్రాఫులతో. కోచ్ హేనా కాలేజీలో వ్యాయామం టీచరు, భారీ మనిషి. ఆవిడ ఇంగ్లీషులో అన్నవన్నీ నా తెలుగులో వినండి.

"మేట్, ఇది నిజమేనా? ఇంత వేగం నేనెక్కడా చూడలేదే!"

"అంకెలు అబద్ధం చెప్పవు కోచ్. వాళ్ళతో పరుగు పందెం పెట్టుకుంటే మునిగిపోతాం. బలం లేదు కాబట్టి తోసెయ్యాలి. సన్నవాళ్ళని పక్కన పెట్టి బరువైనవాళ్ళని దింపండి."

ఆవిడ గ్రాఫుల వంక, నా కళ్ళజోడు వంక చూసింది. ఇండియన్, కళ్ళజోడు, ఎక్సెల్. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? సరేనంది.

జట్టు జాబితా వచ్చిన సాయంత్రం శ్రావ్య ఫోను నా ముక్కు దగ్గర పెట్టింది.

"నాన్నా! నేను రిజర్వ్! వై?"

చూశాను. సన్నవాళ్ళని పక్కన పెట్టమన్న మహానుభావుడికి, జట్టులో అందరికన్నా సన్నగా ఉన్నది ఎవరో అప్పుడు గుర్తొచ్చింది.

"అది... స్ట్రాటజీ అమ్మా."

"ఎవరి స్ట్రాటజీ?"

సుజాత వంటింట్లోంచి అంది, "మీ నాన్న మొహం చూస్తే తెలియట్లేదూ?"

శ్రావ్య మూడు రోజులు నాతో మాట్లాడలేదు. టౌరంగా దాకా రెండున్నర గంటల ప్రయాణంలో కూడా చెవుల్లో ఇయర్‌ఫోన్లే.

మ్యాచ్ మొదలైంది. టౌరంగా పిల్లలు మైదానంలోకి వచ్చారు. వచ్చారు అనేకన్నా, ఒక కొండల వరస కదిలివచ్చింది అనాలి. ఒక్కొక్కరు తలుపు చెక్కంత ఉన్నారు. ఇక ఎలా దూసుకెళ్తారో అని స్టాప్‌వాచ్ తీశాను. దూసుకెళ్ళలేదు. నడిచారు. నింపాదిగా, పెళ్ళి భోజనానికి రెండో బంతికి వెళ్తున్నట్టు. మొదటి స్క్రమ్‌లో మా బరువైన పిల్లల్ని అలాగే నింపాదిగా వెనక్కి తోసుకుంటూ పోయారు. నిదానమే ప్రధానం అన్నవాడు టౌరంగావాడే అయివుండాలి.

"అయిదున్నర సెకన్లన్నారు?" అడిగారు రెడ్డిగారు.

"వామప్ అవుతున్నారండీ."

సగం ఆటకి పంతొమ్మిది, సున్నా. సున్నా మాది.

కోచ్ హేనా నా వైపు వచ్చింది. ఆవిడ నడకలో మాత్రం అయిదున్నర సెకన్లు కనిపించింది.

"మేట్, ఆ వీడియో ఒకసారి చూపించు."

లాప్‌టాప్ తెరిచాను. పిల్లలందరూ మూగారు. తెర మీద పక్షులు రివ్వుమన్నాయి, జెండా గిలగిల్లాడింది, వ్యాఖ్యాత బస్సు కోసం పరుగెత్తాడు. శ్రావ్య వేలితో తెర మూల చూపించింది.

"నాన్నా. స్పీడ్ చూడు. ఒకటిన్నర రెట్లు!"

"నా లాప్‌టాప్‌లో ఎప్పుడూ అంతే కదమ్మా! ఆఫీసు కోర్సులన్నీ అలాగే వింటాను, టైం కలిసొస్తుందని..." అంటూ ఉండగానే నా మాట నాకే వినిపించింది.

కోచ్ హేనా నవ్వింది. ఆ నవ్వుకి నా లాప్‌టాప్ మూత దానంతటదే మూసుకుందని ఇప్పటికీ నా నమ్మకం.

"శ్రావ్యా, లే! సన్నవాళ్ళంతా లేవండి! పరిగెత్తండి!"

రెండో సగం ఏం చెప్పమంటారు! మా పిల్లలు తూనీగల్లా లేచారు. టౌరంగా కొండలు అటు తిరిగేలోపు బంతి ఇటు దాటిపోయేది. బంతిని చివరి గీత దాటించి నేలకి తాకిస్తే ట్రై, అయిదు పాయింట్లు. ఆ తర్వాత బంతిని గోలు కర్రల మధ్యకి తన్నగలిగితే ఇంకో రెండు, అది మాకు ఒక్కసారే కుదిరింది. శ్రావ్య ఒకటి చేసింది. రెండు చేసింది. రెడ్డిగారు నన్ను కౌగిలించుకున్నారు, వెంటనే నేనెవరో గుర్తొచ్చి వదిలేశారు. ఆఖరి నిమిషంలో మూడో ట్రై! ఫోన్లో వీడియో తీస్తూ నేనూ గీత వెంబడే పరిగెత్తి, సాసేజ్‌లు కాలుస్తున్న పొయ్యిని గుద్దుకున్నాను.

విజిల్ పడింది. పంతొమ్మిది, పదిహేడు. రెండు పాయింట్లతో ఓడిపోయాం.

తిరుగు ప్రయాణంలో శ్రావ్య బూట్ల మట్టి దులుపుతూ అంది.

"నాన్నా, నువ్వు నా మ్యాచ్‌లో సగం తినేశావ్."

"ఏ శిక్ష వేస్తావో వెయ్యమ్మా."

"నా లాస్ట్ ట్రై వీడియో తీశావా?"

"మొత్తం తీశాను."

"రియల్లీ?" అని తిరిగి, ఇయర్‌ఫోన్లు తీసేసి, ఫోను లాక్కుంది. ఇల్లు చేరేదాకా చూస్తూనే ఉంది.

ఆ రోజే ఫ్లాట్ బుష్‌లోని మా ఇంటి దేవుడి గూటి ముందు, కాలిన మోచేతికి మందు రాసుకుంటూ ప్రతిజ్ఞ చేశాను. ఈ జన్మలో ఏ జట్టు వేగాన్నీ కొలవను, ఏ లీగ్ బలాన్నీ తూచను, ఏ వీడియో వేగాన్నీ ముట్టుకోను అని. ఏడేళ్ళుగా నిష్ఠగా పాటిస్తున్నాను, ఒక్క వీడియో విషయంలో తప్ప. అది నెలకోసారి చూస్తాను, సగం వేగంతో. మా పిల్ల పరుగు అంత త్వరగా అయిపోవడం నాకిష్టం లేదు.

మొన్న సుజాత వెనక నుంచి వచ్చి తొంగి చూసింది.

"ఏమండీ, ఈ పక్షులేంటి, దండెం మీద బట్టల్లా గాల్లో వేలాడుతున్నాయి?"

"ఆ రోజు టౌరంగాలో గాలి లేదులే" అన్నాను.