జయకుమారి సిస్టర్ గాజు

జయకుమారి సిస్టర్ మనుషుల మొహాలు చూసేది కాదు, దండచేతులు చూసేది. పేరు చెబితే గుర్తుపట్టదు. చొక్కా చెయ్యి పైకి లాగితే, "ఓహో, నువ్వా" అనేది.

ఆమె దగ్గర నల్లబడిపోయిన ఇత్తడి గాజు ఒకటి ఉండేది. ఆపరేషన్‌కి చేరిన ప్రతివాడికీ, బారెడు మీసాలున్నా సరే, వేళ్లు ముడిచి ఆ గాజు తొడిగేది. మోచెయ్యి దాటించి పైకి నెట్టేది. ఆగితే సరే. ఆగకుండా భుజం దాకా పోతే నాలుక చప్పరించి వెళ్లిపోయేది. తెల్లారేసరికి ఆ మంచం ఖాళీ. పరుపు చుట్టేసి ఉండేది.

పిడుగురాళ్ల సున్నపుబట్టీలో బస్తాలు మోసి, గజ్జల్లో పేగు జారి గిలక తెచ్చుకున్న యలమందయ్యకి, ఆసుపత్రిలో చేరిన పూటే పక్కమంచం బుల్లయ్య ఈ సంగతి చెవిలో వేశాడు. ఆ గాజు ఎవరో పోయినావిడదట. అది పైకెక్కినవాడు ఇల్లు చేరడట. చెబుతుండగానే వార్డు చివర్నుంచి టింగ్, టింగ్ అని మంచాల కమ్ములకి గాజు తగులుతూ వచ్చింది. అడుగుల చప్పుడు మాత్రం లేదు.

బుల్లయ్య చేతికి గాజు నూతిలోకి చేద జారినట్టు జారింది. మర్నాడు బుల్లయ్య లేడు. మంచం కింద అతని చెప్పులు మాత్రం ఉన్నాయి.

"చెప్పుల్లేకుండా ఎక్కడికి పోయాడే?" అన్నాడు యలమందయ్య పెళ్లాంతో.

గురవమ్మ తన మట్టిగాజులు కొంగులో దాచుకుంది. "గాజులు నాకుండాల గానీ నీకెందుకయ్యా" అని, దిండు చింపి పత్తి పీకి అతని దండచేతికి దట్టంగా చుట్టి, పైన చొక్కా దించింది.

మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి. ఆ నిశ్శబ్దంలో టింగ్.

గాజు మోచెయ్యి దాటి ఆగింది. యలమందయ్య ఊపిరి వదిలాడు. సిస్టర్ చొక్కా అంచున కనబడిన పోగు పట్టి లాగింది. పత్తి వస్తూనే ఉంది, కాయ పగిలినట్టు. అంతా వచ్చాక గాజు చంక దాకా పోయింది.

"నిన్నేం తిన్నావు?"

"గొడ్డుకారం, అన్నం."

"మొన్న?"

"అదేనమ్మా."

"లే. నాతో రా."

సిస్టర్ ముందు, యలమందయ్య వెనక, ఏడుస్తూ గురవమ్మ. ఆపరేషన్ గది దాటారు. శవాల గది తలుపు వచ్చింది. అతని కాళ్లు అక్కడే ఆగిపోయాయి. టింగ్ మాత్రం ఆగలేదు. ఆ గది వెనకున్న రేకుల షెడ్డు తలుపు తీసింది సిస్టర్.

లోపల పొయ్యి వెలుగులో బుల్లయ్య. నోటినిండా గుడ్డు.

"ఒరేయ్, నా చెప్పులు తెచ్చావా?" అన్నాడు.

ఆపరేషన్ వాయిదా పడ్డవాళ్లంతా అక్కడే ఉన్నారు, ముద్దపప్పు కలుపుకుంటూ. గుడ్లు సిస్టర్ ఇంటి కోళ్లవి.

"ఇంత బక్క ఒంటిని కోస్తే పుండు మానదు" అంది సిస్టర్. "ముందు తిను."

"ఆ మాటేదో చెప్పొచ్చుగా తల్లీ" అంది గురవమ్మ.

"చెబితే ఇంటికెళ్లి తింటామంటారు. ఇంట్లో ఏముంటదో నాకు తెలుసు."

కొన్ని వారాలకి గాజు మోచెయ్యి మీదే బిగుసుకుంది. యలమందయ్యని స్ట్రెచర్ ఎక్కించారు. సిస్టర్ గాజు ఊడదీసి, పక్కన నేల మీద కూర్చున్న గురవమ్మ చెయ్యి పట్టుకుంది. మట్టిగాజులన్నిటినీ దాటి అది భుజం దాకా పోయింది.

సిస్టర్ నాలుక చప్పరించింది.

"నాకేం రోగం లేదమ్మా!"

"లే. నాతో రా."

యలమందయ్య స్ట్రెచర్ మీంచి తల ఎత్తి చూశాడు.

"ఒసే, చెప్పులేసుకుని పో" అన్నాడు.