అయ్య తెప్పా, కాటమరాన్ అన్న మాటా

మా అయ్య పోలారావును సముద్రానికి దూరం చేసింది ఒక ఇంగ్లీషు మాట. దాన్ని నోరు మూసుకోకుండా పలికింది నేను.

ఉద్దానం తీరంలో అయ్య తెప్ప మీద వేటకు వెళ్లేవాడు. తెప్పంటే తాళ్లతో కట్టిన ఐదు మానులు. ఒడ్డుకు చేరగానే తాళ్లు విప్పి, మానులను విడివిడిగా ఇసుకలో ఎండబెడతారు. నీరు తాగిన మాను సరిగా తేలదు. అందుకే మా రేవులో కట్టి ఉన్న తెప్ప నీళ్ల మీదనే కనిపించేది.

తొంభై తొమ్మిది తుఫానులో నడిమి మాను కొట్టుకుపోయింది. దెబ్బతిన్న పడవల జాబితా రాయడానికి మన్మథరావు అనే గుమాస్తా వచ్చాడు. పేరు ఎక్కితే కొత్త మానులిస్తారు. ఎక్కకపోతే ఇక వేట లేదు.

“తెప్పేనా?” అన్నాడు కలం తీసి.

“తెప్పే బాబూ. నడిమి మాను గంగమ్మ తీసుకుపోనాది.”

అతను రాయబోయాడు. నేనప్పుడు టెక్కలిలో డిగ్రీ చదువుతున్నాను. ఇంగ్లీషులో దీన్ని కాటమరాన్ అంటారని, అది తమిళుల కట్టుమరమని, అంటే కట్టిన మాను అని చెప్పాను. మూడు వందల ఏళ్ల కిందట మద్రాసు వైపు తెప్పలు చూసి తెల్లవాళ్లు ఆ మాట పట్టుకుపోయారని, ఇప్పుడు జంట పడవలకు తగిలించారని కూడా చెప్పాను. అంతటితో ఆగానా? “మీకు తెలీదనుకుంటా” అన్నాను.

మన్మథరావు కలం మూశాడు.

“కట్టిన మానా? మరి ఇవి కట్టిలేవే. నీ లెక్కనే ఇవి దుంగలు. కట్టి చూపించండి, రాస్తాను.”

“నడుం లేని మనిసిని నిలబెట్టమంతన్నారు బాబూ,” అన్నాడు అయ్య.

“మీ పండితుణ్ణి అడుగు.”

పక్కింటి అసిరమ్మ నవ్వింది. “సదివించినావు గదా మావా, అనుబవించు.”

అయ్య, అమ్మ నాలుగు మానులనూ దగ్గరకు లాగి కట్టసాగారు. తాడు అందుకోబోతే అయ్య నా చెయ్యి తోసేశాడు. “నువ్వు ముట్టుకోకు.”

ముడి పడేలోగా మన్మథరావు వచ్చిన జీపు వెళ్లిపోయింది. జాబితాలో మా పేరు లేదు.

ఆ మానులు పొయ్యిలోకి పోయాయి. అయ్య నౌపడ ఉప్పుమళ్లలో కూలికి కుదిరాడు. నాతో చెప్పాల్సినవన్నీ అమ్మతో చెప్పేవాడు. “ఆడ్ని అన్నం తినమను.” “ఆడ్ని దీపం తీసేయమను.” అలా తొమ్మిదేళ్లు.

ఆఖరి రోజు నీళ్ల గ్లాసు పట్టుకుని మంచం పక్కనే కూర్చున్నాను. ఆయన కళ్లు నన్ను దాటి అమ్మ కోసం వెతికాయి.

“నీల్లు ఇమ్మను,” అన్నాడు.